బురుజులు లెక్కపెట్టడానికి వెళ్ళిన రోజు

సాయంకాల కుటుంబ ప్రార్థనలో ఆ వేళ మాకు 48వ కీర్తన వచ్చింది. సీయోను చుట్టూ తిరిగి దాని బురుజులు లెక్కపెట్టమనే మాట దగ్గరకు వచ్చేసరికి మా చిన్నవాడు చదవడం ఆపేశాడు. "బురుజంటే ఏటి?" అని అడిగాడు. కోట గోడకు మూలల్లో కట్టే కట్టడమని చెప్పాము. "ఎలాగుంటాది?" అన్నాడు. గుండ్రంగా, బలంగా, ఎత్తుగా ఉంటుందన్నాము. వాడికి ఊళ్ళోని మంచినీళ్ళ ట్యాంకు తప్ప మరొకటి తోచలేదు. తొమ్మిదేళ్ళు నిండినా వాడు కోటను చూసి ఎరగడు.

ఆ మాటకొస్తే మేము మాత్రం ఏమి చూశాము? మాది పొందూరు పక్క పల్లె. రైలెక్కితే విజయనగరం ఎంతో దూరం కాదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. ఆస్పత్రికి వెళ్ళాము, పెళ్ళి బట్టలకు వెళ్ళాము, మోటారు పాడైతే దాని సామానుకు వెళ్ళాము. పని చూసుకోవడం, తిరుగు రైలు దొరుకుతుందో లేదో అని పరుగెత్తడం. నడిబొడ్డున మూడు వందల ఏళ్ళ కోట ఉన్న ఊరికి ఇన్నిసార్లు వెళ్ళి, ఒక్కసారైనా తల ఎత్తి దాని గోడ చూసినవాళ్ళం కాము.

"సీయోనుకు మనం ఎల్లలేం గానీ విజయనగరం కోట చూపిస్తాం" అని వాడికి మాట ఇచ్చాము. ఇచ్చాక గాని మామ్మ సంగతి గుర్తుకు రాలేదు.

మామ్మ మా ఇంటికి పెద్దదిక్కు. పిల్లలు పిలిచినట్టే ఇప్పుడు మేమూ ఆమెను మామ్మ అనే పిలుస్తున్నాము. ఆరేళ్ళ క్రితం తాతగారికి జబ్బు చేసినప్పుడు ఆమె పదకొండు రోజులు విజయనగరంలో ఒక ఆస్పత్రి వరండాలో గడిపింది. డాక్టర్లు చేయగలిగినంత చేశారు. పన్నెండో నాటి ఉదయం తాతగారిని ఆస్పత్రి వెనక గుమ్మం గుండా బయటకు తెచ్చి బండిలో ఇంటికి తీసుకొచ్చాము. అప్పటి నుంచి ఆమె ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. తన కంటికి శుక్లం వచ్చినా విజయనగరం వద్దని శ్రీకాకుళంలోనే ఆపరేషన్ చేయించుకుంది. "ఆ ఊరి పేరెత్తకండి బావు. నాను రాను. మీరెల్లి సూసి రండి" అంది. ఆమె పట్టుపట్టి అన్నమాట కాదు, మెల్లగా అన్న మాట. అందుకే మేము మళ్ళీ అడగలేదు. మా పెద్దమ్మాయి మాత్రం నాలుగు రోజులు వెంటపడింది. "మామ్మా, నీకు ఆస్పత్రి తప్ప ఆ ఊరు తెలీదు కదా. మాకూ తెలీదు. అందరం ఒక్కసారే తెలుసుకుందాం" అంది. ఐదో నాడు మామ్మ పెట్టెలోంచి తెల్లచీర తీసింది. ఎవరమూ ఏమీ అనలేదు.

సంఘంలో ఒక పెద్దాయన ఈ సంగతి విని, "కోటలు చూడటానికి పోయే డబ్బు కానుక పెట్టెలో వేస్తే పుణ్యమైనా దక్కును గదా" అన్నారు. పెద్దవారు గనుక నవ్వి ఊరుకున్నాము. అయితే మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువే తన శిష్యులను కాసేపు పక్కకు వచ్చి అలసట తీర్చుకొమ్మని పిలిచినట్టు మనమందరమూ చదివాము. పల్లెల్లో మనం ఆ వచనం మీద ప్రసంగాలు వింటాము గాని, దాని ప్రకారం ఒక్క పూట గడిపినవాళ్ళు ఎంతమంది? ధనవంతులకే విహారయాత్ర, మనకు ఆస్పత్రి యాత్ర అనుకొని ఊరుకుంటున్నాము. ఎంత ఖర్చు అవుతుందో చూద్దామని ఒక్క 500 రూపాయల నోటు జేబులో పెట్టుకొని, అది దాటకూడదని నియమం పెట్టుకున్నాము.

సంక్రాంతి పోయింది, నూర్పులు ముగిశాయి. ఆదివారం ఆరాధన మానుకొని తిరిగే అలవాటు మాకు లేదు గనుక పిల్లల బడికి ఒకరోజు సెలవు చీటీ రాసి, గురువారం ఉదయం ప్రార్థన చేసుకొని బయలుదేరాము. పులిహోర ఒక గిన్నెలో, పెరుగన్నం ఒక గిన్నెలో, రెండు సీసాల నీళ్ళు. పొందూరులో పాసింజరు ఎక్కాము. పెద్దవాళ్ళకు టికెట్టు ఒక్కొక్కటి 15 రూపాయలు, చిన్నవాడికి 10. సిగడాం, బాతువ, చీపురుపల్లి, గరివిడి. ఈ పేర్లన్నీ మామ్మకు వరుసగా వచ్చును. నెల్లిమర్ల దగ్గర చంపావతి వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు ఆమె కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకొని కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటున్నదని పిల్లలు మాట్లాడకుండా కూర్చున్నారు.

స్టేషను దగ్గర షేర్ ఆటో ఎక్కి గంటస్తంభం దగ్గర దిగాము. ఊరి నడిమధ్య నిలబడిన ఎనిమిది పలకల గడియారపు గోపురం ఇది. 1885లో కట్టారు. ఎత్తు 68 అడుగులు. మొదట తెల్లగా ఉండేదట, ఇప్పుడు లేత పసుపు, ఎరుపు రంగుల్లో ఉంది. ఆ రోజుల్లో చేతికి గడియారం ఉన్నవాడు ఊరికి ఒక్కడుంటే గొప్ప. కూలివాడికైనా, గుమాస్తాకైనా, రాజుగారికైనా ఒకటే సమయం చూపించిన గోపురం కదా అని మేము అనుకుంటుంటే, మా వాడు "ఇది బురుజా?" అన్నాడు. కాదన్నాము. చుట్టూ బట్టల కొట్లు, బంగారం కొట్లు, పళ్ళబండ్లు. సరుకు కొనని వాళ్ళు ఇక్కడ నిలబడి పైకి చూడటం కొట్లవాళ్ళకు వింతగానే తోచింది. ఒక పళ్ళబండి ఆమె, "ఏటమ్మా, ఏటైనా పడిపోయిందా?" అని అడిగింది. ఏమీ పడలేదు, గోపురం చూస్తున్నామంటే ఆమె కూడా మాతోపాటు ఒకసారి తల ఎత్తి చూసింది. ఆమె దగ్గర అరటిపళ్ళు కొన్నాము.

అక్కడి నుంచి మూడు లాంతర్ల కూడలి దగ్గరే. ఆ పక్కనే పైడితల్లి అమ్మవారి గుడి. మన విశ్వాసం వేరైనా ఈ ఊరి కథ వినాలంటే ఈ మాట దాటి పోవడం కుదరదు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ యుద్ధం నాటి దుఃఖంతోనే ఈ గుడి కథ ముడిపడి ఉంది. పైడితల్లి విజయనగరం రాజుగారి చెల్లెలని ఇక్కడివారు చెప్పుకుంటారు. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారం సిరిమాను ఉత్సవానికి మన జిల్లాల నుంచి వచ్చే జనం లక్షల్లో ఉంటారు. మా ఊళ్ళో మా ఇంటికి ఇరువైపులా ఉన్నవాళ్ళు ఏటేటా వస్తారు. వాళ్ళు చెప్పగా వినడమే గాని ఆ చోటు మేము చూడలేదు. ప్రశాంతంగా ఊరు చూడాలనుకునే చదువరులు ఆ వారం మాత్రం రాకుండా ఉంటే మంచిది, నిలబడటానికి కూడా జాగా దొరకదట.

నడుస్తూ వెళ్తే కోట వచ్చింది. వచ్చిందనడం కంటే గోడ వచ్చిందనాలి. రాతి గోడ. దాదాపు పది మీటర్ల ఎత్తు. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ వాలుగా సన్నబడుతుంది. మా వాడు దాని ముందు నిలబడి మెడ వెనక్కి వంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి చేత్తో ముట్టుకున్నాడు. మా అమ్మాయి లెక్క తీసింది. కోట నలుచదరం, ఒక్కో వైపు 240 మీటర్లు. చుట్టూ తిరిగితే కిలోమీటరుకు కొంచెం తక్కువ. నాలుగు మూలలా నాలుగు బురుజులు.

పూసపాటి వంశపు రాజులు 1713లో ఈ కోటకు పునాది వేశారు. అది విజయ నామ సంవత్సరం. విజయదశమి రోజు. జయవారమని పిలిచే మంగళవారం. ఇలా విజయాలన్నీ ఒక్కచోట కూడిన రోజు చూసి మొదలుపెట్టారని చెబుతారు. ఈ చోటు చూపించినవాడు అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు అని మరో కథ. హిందూ రాజు తన కోటకు చోటు ముస్లిం ఫకీరును అడిగాడంటే ఆ రోజుల మనుషుల మధ్య ఉన్న రాకపోకలు కొంత అర్థమవుతాయి.

పేరు నిండా విజయమే అయినా ఈ వంశం చూసినది విజయాలు మాత్రమే కాదు. బొబ్బిలి యుద్ధం గెలిచిన రాజు ఆ కొద్ది రోజుల్లోనే తన డేరాలో హత్యకు గురయ్యాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనతో జరిగిన పోరులో విజయరామరాజు నేలకొరిగాడు. పన్ను బకాయిల దగ్గర మొదలైన తగాదా అది. ఈ సంగతులు పిల్లలకు చెబుతున్నప్పుడు మామ్మ వింటున్నదని మేము అనుకోలేదు. "ఇంత గోడ కట్టుకొని కూడానా?" అంది.

తూర్పు వైపు ముఖద్వారాన్ని నగారా ఖానా అంటారు. పెద్ద కమాను, పైన మంటపాలు. రాజస్థాన్ వైపు కోటల పోలిక. రాజుగారి రాకను, రాజాజ్ఞలను నగారా మోగించి ఇక్కడి నుంచే ఊరికి తెలియజేసేవారు. సిరిమాను నాడు పూసపాటి వారు కూర్చొని ఉత్సవం చూసేది కూడా కోట బురుజు మీది నుంచే. మా వాడికి ఒక బురుజు చూపించాము. గోడ మూలన ముందుకు పొడుచుకు వచ్చి, నిలబడిన ఏనుగు నడుములా ఉంది. "ట్యాంకులా లేదు" అని ఒప్పుకున్నాడు. అట్ట పుస్తకం తీసి అక్కడే కూర్చొని బొమ్మ వేశాడు. గోడ సందుల్లో రావి మొక్కలు వేళ్ళు పాతుకోవడం, రాతి మీద కాగితాలు అంటించిన మరకలు ఉండటం మాత్రం మాకు బాధ కలిగించింది. రావి మొక్కది ఏముంది, అది గాలికి వచ్చి పడుతుంది. కాగితం అంటించేది చదువుకున్నవాడే కదా.

కోట లోపల ఇప్పుడు రాజులు లేరు, పిల్లలు ఉన్నారు. 1958లో పి.వి.జి. రాజుగారు తమ తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున మాన్సాస్ అనే ట్రస్టు పెట్టి, కోటను, ఎన్నో భూములను చదువులకు ఇచ్చేశారు. లోపల ఆడపిల్లల కళాశాల ఉంది. సంచులు భుజాన వేసుకొని నగారా ఖానా కింద నుంచి నవ్వుకుంటూ పోతున్న అమ్మాయిలను మా పెద్దమ్మాయి కన్నార్పకుండా చూసింది. తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఏమి అనుకుందో మేము అడగలేదు. వాళ్ళలో చాలామంది మన పల్లెల నుంచి వచ్చినవాళ్ళేనని మాట తీరు చూస్తే తెలిసింది.

1869లో కట్టిన మోతీ మహలు అనే దర్బారు భవనం కూడా ఇక్కడే ఉండేది. శిథిలమైపోయిన దానిని 2020లో కూలగొట్టారు. ఫొటోలో చూసినవారు ఎంతో అందమైనదని చెబుతారు. మేము ఇరవై ఏళ్ళ ముందే ఒక్క పూట తీరిక చేసుకొని ఉంటే కళ్ళారా చూసి ఉండేవాళ్ళం. ఊరి పని మీద వచ్చిన ప్రతిసారీ అది అక్కడే ఉంది మరి.

అక్కడ మామ్మ వల్ల మా ప్రయాణం కొంచెం మలుపు తిరిగింది. కోటకు వెనక, పడమర వైపున మరో గుమ్మం ఉందనీ, ముఖద్వారం లాంటిదే గాని చిన్నదనీ, రాజవంశంలో ఎవరైనా చనిపోతే దేహాన్ని సమాధుల వైపు ఆ గుమ్మం గుండా తీసుకెళ్ళేవారనీ మేము పిల్లలకు చెప్పాము. చెప్పే ముందు కొంచెం ఆలోచించవలసింది. మామ్మ ఉన్నచోటే నిలిచిపోయింది. "రాజులకి కూడా ఎనక గుమ్మవేనా?" అంది. ఔనన్నాము. చెట్టు నీడలో అరుగు చూసి కూర్చుంది. "మీరు సుట్టూ తిరిగి రండి. ఆ ఎనక వైపుకి నాను రాను" అంది. ఆమెను ఒంటరిగా వదిలి మేమెక్కడ తిరుగుతాము? ఆ విధంగా మా వాడికి ముందు వైపు రెండు బురుజులే దక్కాయి. వాడు గొణిగాడు గాని మా అమ్మాయి కన్ను చూసి నోరు మూసుకున్నాడు.

అక్కడే పులిహోర విప్పాము. తేగలు అమ్ముకునే ఆమె వస్తే ఒక కట్ట తీసుకున్నాము. మామ్మ వాటిని చీల్చి నడిమి గుజ్జు పిల్లలకు పెట్టింది. కాసేపటికి తానే, "ఇంకేటున్నాదట ఈ ఊర్లో?" అని అడిగింది.

గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉందన్నాము. కోట నుంచి నడిచి పోగలిగిన దూరమే. 1862లో పుట్టి 1915లో కన్నుమూసిన ఆ మహాకవి జీవితంలో ఎక్కువ భాగం ఈ ఊరిలోనే గడిచింది. ఇంటిని ఆయన జ్ఞాపకంగా నిలిపి ఉంచారు. పాత ఫొటోలు, ఆయన వాడిన వస్తువులు. మాకు ఆశ్చర్యం కలిగించినది ఆ ఇంటి సామాన్యత. డబ్బుకు ఆడపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టే దురాచారం మీద ఆయన రాసిన కన్యాశుల్కం 1892లో మొదట ఈ ఊరిలోనే ఆడారు, 1897లో అచ్చయింది. శ్రీకాకుళం వైపున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడి బడిలో ఆయనకు సహాధ్యాయి. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఇద్దరూ పోరాడారు. గిడుగు వారైతే సవరల భాష నేర్చుకొని, వాళ్ళ కోసం వ్యాకరణం, నిఘంటువు కూడా చేశారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ గార్లు కూడా మొదట చేసిన పని తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయడమే. ఆ తరువాత 1870లలో కెనడా బాప్తిస్టు మిషనరీలు వచ్చి భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి, విజయనగరం లాంటి ఊళ్ళలో పని మొదలుపెట్టారు. మా సంఘం వేళ్ళు అక్కడివే. సువార్త చేరాలన్నా నాటకం చేరాలన్నా పల్లెవాడికి అర్థమయ్యే మాట కావాలి గదా. మామ్మకు ఇవేవీ పట్టలేదు. బయట గట్టు మీద కూర్చొని చెప్పులు విప్పి పాదాలు రుద్దుకుంది.

నాలుగు గంటలైంది. ఎండ తగ్గింది. ఇక సంగీత కళాశాల ఒక్కటే మిగిలింది. మామ్మ అలసిపోయిందని మానేద్దామనుకున్నాము. ఆమెయే, "ఇంతదూరం వచ్చి అదొక్కటీ ఒగ్గేయడం ఎందుకు?" అంది.

ఈ కళాశాల కథ చిన్నదైనా మేము ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. మహారాజా విజయరామ గజపతి గారి కొలువులో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారట. ఆయన కొడుకుకు చూపు లేదు. ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికి చోటు కావాలని 1919లో రాజుగారు ఈ బడి పెట్టించారని చెబుతారు. ఒక్క గుడ్డి పిల్లవాడి కోసం! హరికథలకు పెట్టింది పేరైన ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. చూపు మందగించి బడి చదువు మానవలసి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పడానికి ఆ ఏడే ఇక్కడ చేరారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఫిడేలు చేతికొస్తే ఆయనకు కళ్ళతో పని లేదని దేశమంతా చెప్పుకుంది.

ఘంటసాల గారు ఇక్కడికి వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం అడిగి తెచ్చుకొని తింటూ చదువుకున్నారు. ఈ వీధుల్లోనే ఏ తల్లులో ఆ జోలెలో అన్నం వేశారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు, వాళ్ళు పెట్టిన అన్నం తిన్న గొంతు మాత్రం తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఈ ఊరిలో 1935లో పుట్టిన పి. సుశీల గారు కూడా ఇక్కడి విద్యార్థినే. ఆమె పాడిన క్రైస్తవ గీతాల క్యాసెట్లు విన్నవారు మన చదువరుల్లో చాలామంది ఉంటారు.

మేము వెళ్ళేసరికి లోపల ఏదో గదిలో ఒక అమ్మాయి సరళీ స్వరాలు సాధన చేస్తున్నది. ఫిడేలు మీద. అప్పుడప్పుడే మొదలుపెట్టినట్టుంది, ఐదో స్వరం దగ్గర వేలు జారుతున్నది. మళ్ళీ మొదటికి వస్తున్నది. లోపలికి వెళ్ళి పాఠం చెడగొట్టడం ఇష్టం లేక బయట కిటికీ దగ్గర నిలబడ్డాము.

చదువరులకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉండటం మీరు చూసే ఉంటారు. మనలో ఎక్కువమంది ఆ మాటలు చదవకుండానే పల్లవి అందుకుంటాము. ఆ కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు ఈ ప్రాంతపు మనిషే. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టారు, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఈ నేల మీద పాడుకునే రాగాలలోనే ఆయన ప్రభువును పాడారు గనుకనే అక్షరం రాని తల్లులకు కూడా ఆ కీర్తనలు కంఠతా వచ్చాయి. మామ్మ అటువంటి తల్లి. తాతగారు మా గుడిలో ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించారు. ఎవరి దగ్గరా క్రమంగా నేర్చుకోలేదు. వయసులో ఉండగా మా ఊరికి వచ్చిపోయే ఒక ఉపదేశి దగ్గర ఈ సరళీ స్వరాలే పట్టుకొని, తక్కినవి తానే వెదుక్కున్నారు.

మామ్మ కిటికీ కింద నేల మీద కూర్చుంది. లోపల వేలు జారినప్పుడల్లా ఆమె తల అడ్డంగా ఊపుతున్నది. పావుగంట అలాగే గడిచింది. మా వాడు విసుగెత్తి గులకరాళ్ళు ఏరుకుంటున్నాడు. ఒక్కసారి ఆ అమ్మాయి తడబడకుండా పైదాకా వెళ్ళి కిందికి దిగింది. "ఇదిగో, ఇప్పుడొచ్చింది" అంది మామ్మ గట్టిగా. లోపల ఫిడేలు ఆగింది. కిటికీలోంచి ఒక ముఖం తొంగిచూసింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల. "ఎవరు కావాలి మామ్మగారూ?" అని అడిగింది. "ఎవరూ వద్దమ్మ, నువ్వు వాయించు" అంది మామ్మ. "మా ఇంటాయన కూడా ఇక్కడే తప్పేవోడు" అంది తరువాత, మాతో. తాతగారు పోయిన తరువాత ఆయన మాట తనంతట తాను ఎత్తి, కన్నీళ్ళు లేకుండా చెప్పడం మేము వినడం అదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఆస్పత్రి ఉన్న వీధిలోకి తిరిగింది. మాకు గుండె ఆగినంత పనైంది. వేరే దారిన పొమ్మని ఆటో అబ్బాయికి చెప్పబోయాము. మామ్మ మా చేయి పట్టుకొని ఆపింది. ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టు చూసి, "ఇక్కడ ఆపు బావు" అంది. దిగాము. ఆ పదకొండు రోజులూ ఆమె టీ తాగింది అక్కడేనట. కొట్టు నడిపే ఆమె ఒక నర్సమ్మ పేరు చెప్పి, ఏదో చుట్టరికం కలిపి మాట్లాడబోయింది గాని మామ్మను గుర్తుపట్టలేదు. రోజుకు ఎందరిని చూస్తుంది పాపం. మామ్మ కూడా చెప్పలేదు. అందరమూ టీ తాగాము. పిల్లలకు ఇడ్లీ పెట్టించాము. రోడ్డుకు అవతల వరండాలో చాపలు పరచుకొని కూర్చున్నవాళ్ళు కనిపించారు. వాళ్ళలో ఒక ముసలామె మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఉంది. మామ్మ మా దగ్గర మిగిలిన అరటిపళ్ళు తీసుకొని రోడ్డు దాటింది. మేము వెంట వెళ్ళబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ ముసలామె పక్కన చతికిలబడి కూర్చుంది. ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి కాసేపు కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం రైలు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద కూర్చొని మా అమ్మాయి లెక్క రాసింది. రైలుకు రానూ పోనూ 140. ఆటోలకు 160. టీ, ఇడ్లీలకు 110. అరటిపళ్ళు, తేగలకు 50. మొత్తం 460. మా నోటులో ఇంకా 40 మిగిలింది. గోడ చూసినందుకు గాని, ఫిడేలు విన్నందుకు గాని ఎవరూ పైసా అడగలేదు. వెళ్ళాలనుకునే కుటుంబాలకు ఒక్క మాట: నీళ్ళు, అన్నం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, చలికాలంలో వెళ్ళండి, పెద్దవాళ్ళుంటే ఒక్క రోజులో అన్నీ చూడాలని పట్టుపట్టకండి.

నెల్లిమర్ల దాటాక మా వాడు అట్ట పుస్తకం తీసి మామ్మకు బొమ్మ చూపించాడు. రెండు బురుజులు, మధ్యలో కమాను. ఆమె దాన్ని దీపం వెలుతురుకు పట్టి చూసింది.

"నాలుగు అన్నారు గదరా. రెండే ఏసినావు."

"రెండే సూసాం. నువ్వే వెనక్కి రానన్నావు."

మామ్మ పుస్తకం వాడికి ఇచ్చేసి కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చుంది. గరివిడి వచ్చి వెళ్ళింది.

"వచ్చే సంక్రాంతికి ఆ ఎనక రెండూ సూద్దాం" అంది.